గ్రానైట్‌లో పక్కపక్కన రెండు బావులు

బావి తవ్వే రిగ్గు మీద, రాయిని కోసే బిట్ పైకి వచ్చినప్పుడు పని కాసేపు ఆగుతుంది. గొట్టంతో నీళ్ళు కొట్టి దానికి పట్టిన మడ్, అంటే తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద నీరు, కడుగుతారు. రిగ్గు సిబ్బందికి పెద్ద అయిన టూల్‌పుషర్ దగ్గర నుంచి నిన్న చేరిన కుర్రవాడి దాకా అందరూ వంగి చూస్తారు. పళ్ళు ఎక్కడ అరిగాయి, మధ్యలోనా, అంచునా? నున్నగా అరిగాయా, పెచ్చులు ఊడాయా? మూడు కిలోమీటర్ల కింద ఏం జరిగిందో కళ్ళతో చూసినవాడు ఎవడూ లేడు కాబట్టి ఆ బిట్టే మాకు సాక్షి. నా 26 ఏళ్ళ ఉద్యోగంలో ఎక్కువ భాగం గోదావరి జిల్లాల చమురు, గ్యాస్ బావుల మీద గడిచింది. అరిగిన బిట్‌ను ఫొటో తీసి, కొలిచి, పక్క కంపెనీవాడు కూడా చూసేలా బయట పెట్టిన చోటు నాకు మొదటిసారి కనిపించింది అమెరికాలోని యూటా రాష్ట్రంలో. మిల్‌ఫోర్డ్ అనే చిన్న ఊరికి దగ్గర్లో, చమురు చుక్క కూడా లేని గ్రానైట్‌లో.

ఆ ప్రయోగ క్షేత్రం పేరు ఫోర్జ్. భూగర్భ వేడి నుంచి కరెంటు తీసే పద్ధతులను పరీక్షించడానికి అమెరికా ఇంధన శాఖ డబ్బు పెట్టింది, యూటా విశ్వవిద్యాలయం నడుపుతోంది. నేను అక్కడ పనిచేయలేదు. కానీ ఆ బావుల రోజువారీ డ్రిల్లింగ్ నివేదికలు, బావి లోపలి కొలతలు నమోదు చేసిన లాగ్‌లు, పంపింగ్ రికార్డులు ఎవరైనా దించుకుని చదువుకునేలా పెట్టారు. ఒక వేసవి మొత్తం వాటితో కూర్చున్నాను. అందులో చూసినదాన్ని, నా బావుల మీద జరిగినదాన్ని పక్కపక్కన పెట్టి రాస్తున్న కేస్ స్టడీ ఇది.

వేడి ఉంటే చాలదు

భూమి లోపల వేడి ఉందన్న మాట కొత్తది కాదు. ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో పియెరో జినోరి కొంటి నేల నుంచి పొగలు కక్కే ఆవిరితో ఐదు బల్బులు వెలిగించాడు. అప్పటి నుంచి నూట ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద భూతాప విద్యుత్ కేంద్రాల సామర్థ్యం 16 గిగావాట్ల దగ్గరే ఉంది. ప్రపంచ ఇంధన అవసరాల్లో ఒక శాతం కూడా కాదు. ఎండ లేకపోయినా, గాలి వీచకపోయినా రాత్రీ పగలూ ఒకేలా నడిచే కరెంటు ఇంత నెమ్మదిగా ఎందుకు పెరిగింది?

ఆవిరి కరెంటుకు మూడు కావాలి. వేడి రాయి, ఆ రాతిలో నీరు, ఆ నీరు తిరగడానికి దారులు. మొదటిది ఎక్కడైనా దొరుకుతుంది, ఎంత లోతుకు దిగాలన్నదే తేడా. మూడూ ఒకేచోట, తక్కువ లోతులో కలిసిన స్థలాలు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ఐస్‌లాండ్, కెన్యాలోని ఒల్కారియా, ఇండోనేషియా, న్యూజీలాండ్, కాలిఫోర్నియాలోని గీజర్స్ అలాంటివి. మిగతా భూమి అంతా వేడిగానే ఉంది, కానీ బిగుసుకుపోయి ఉంది. నీరు పోస్తే పైనే నిలుస్తుంది.

కాబట్టి దారులు మనమే చేసుకుందాం అన్న ఆలోచన 1970లలోనే పుట్టింది. అణుబాంబు తయారు చేసిన లాస్ అలమోస్ ప్రయోగశాలవాళ్ళు న్యూమెక్సికోలోని ఫెంటన్ హిల్ దగ్గర మొదలుపెట్టారు. వేడి గ్రానైట్‌లోకి ఒక బావి తవ్వడం, ఒత్తిడితో నీరు ఎక్కించి రాయిని పగలగొట్టడం, ఆ పగుళ్ళలోంచి వేడెక్కిన నీటిని రెండో బావి ద్వారా పైకి తీయడం. కాగితం మీద ఇంతకంటే తేలికైన పథకం లేదు.

రెండో విడతలో రెండు లోతు బావులూ ముందే తవ్వేశారు. పగుళ్ళు ఒకదాని నుంచి ఇంకొకదానికి నిలువుగా సాగుతాయని లెక్క వేసుకున్నారు. 1983 చివర్లో ఇరవై వేల ఘనమీటర్లకు పైగా నీరు ఎక్కించారు. రాయి పగిలింది, కానీ అనుకున్న దిక్కుకు కాదు. రెండో బావికి చుక్క నీరు చేరలేదు. చివరికి ఆ రెండో బావిని మధ్యలోంచి పక్కకు మళ్ళించి, ప్రకంపనల గుర్తులు ఎక్కడ గుమిగూడాయో చూసి, అక్కడికి కొత్తగా తవ్వుకుంటూ పోవాల్సి వచ్చింది. అప్పుడే నీరు కలిసింది. ఈ సంగతి డ్రిల్లింగ్ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ చెప్పాలని నా కోరిక. రాయి ఎటు పగలాలో మనం నిర్ణయించలేం. ముందు పగలగొట్టి, ఎటు పగిలిందో విని, తర్వాతే రెండో బావి తవ్వాలి. ఫోర్జ్‌లో నలభై ఏళ్ళ తర్వాత అదే వరుస పాటించారు.

ఈ మధ్యలో జరిగినవన్నీ మంచి కబుర్లు కావు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం కిందే రాయిని పగలగొట్టబోయి 2006 డిసెంబరులో 3.4 తీవ్రత భూకంపం తెచ్చుకున్నారు, ప్రాజెక్టు మూతపడింది. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబరులో వచ్చిన భూకంపం అంతకన్నా చాలా పెద్దది. జనం గాయపడ్డారు, ఇళ్ళు కూలాయి. భూతాప బావుల్లోకి నీరు ఎక్కించడమే దాన్ని రేపిందని 2019లో ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం తేల్చింది. ఆస్ట్రేలియాలోని హబనీరో ఒక మెగావాటు కేంద్రం నడిపి చూపించి, గిట్టుబాటు కాక ఆగిపోయింది. ఈ పని మీద ఆశ పెట్టుకున్న నాలాంటివాళ్ళు ఈ మూడు పేర్లను దాటవేసి మాట్లాడకూడదు.

మొదటి బావి

ఫోర్జ్ స్థలాన్ని 2018లో ఖరారు చేసి 14 కోట్ల డాలర్లు కేటాయించారు. అంతకు ముందే 2017లో నిలువుగా ఒక పరీక్ష బావి తవ్వి చూశారు. దాదాపు 2,300 మీటర్ల లోతులో ఉష్ణోగ్రత 200 డిగ్రీలకు కాస్త తక్కువగా తేలింది. దగ్గర్లోనే రూజ్‌వెల్ట్ వేడినీటి బుగ్గలు, వాటి మీద 1984 నుంచి నడుస్తున్న విద్యుత్ కేంద్రం ఉన్నాయి. వేడి ఉందనడంలో అనుమానం లేదు. ఫోర్జ్ కింద ఉన్న గ్రానైట్‌లో మాత్రం నీటికి దారి లేదు. కావాలనే అలాంటి చోటు ఎంచుకున్నారు. దారి ఉన్నచోట దారి వేసి చూపించడంలో పరీక్ష ఏముంది?

మొదటి అసలు బావిని 16ఎ అంటారు. 2020 అక్టోబరు చివర్లో మొదలై కొత్త సంవత్సరం రాగానే పూర్తయింది. దాదాపు 6,000 అడుగుల దాకా నిట్టనిలువుగా దిగి, అక్కడి నుంచి నెమ్మదిగా వంగి, నిలువు గీతకు 65 డిగ్రీల వాలులో సాగింది. మొత్తం పొడవు 10,987 అడుగులు. కొనలో ఉష్ణోగ్రత 228 డిగ్రీలు. వాలు దిక్కును రాతిలోని ఒత్తిళ్ళు చూసి ఎంచారు. ఒత్తిడి అన్నిటికంటే తక్కువగా ఉన్న దిక్కుకు బావి సాగితే, పగుళ్ళు దానికి అడ్డంగా తెరుచుకుంటాయి. రొట్టెను ముక్కలుగా కోసినట్టు ఒకే బావి మీద వరసగా చాలా పగుళ్ళు వేయవచ్చు. షేల్ అనే పొరల మట్టిరాయి నుంచి గ్యాస్ తీసే బావుల్లో ఇది పాత విద్యే. 200 డిగ్రీలు దాటిన గ్రానైట్‌లో ఇంత వాలుగా బావి తీసుకుపోవడం మాత్రం కొత్త.

ఇక్కడ నా వృత్తిలోని ఒక పాత నమ్మకం గురించి చెప్పాలి. గోదావరి ఇసుకరాళ్ళలో, షేల్‌లో మేము పీడీసీ బిట్లు వాడతాం. కృత్రిమ వజ్రపు బిళ్ళలు పొదిగిన ఆ బిట్లు రాయిని ఉలిలా గీరి కోస్తాయి. గ్రానైట్ వస్తే అవి పనికిరావని, రాయిని నూరే మూడు చక్రాల బిట్లే వేయాలని మాకు నేర్పారు. పీడీసీ దించినా భయం భయంగా తక్కువ బరువు పెట్టి తిప్పేవాళ్ళం. పళ్ళు విరిగేవి. చూశారా, చెప్పాం కదా అనుకుని మళ్ళీ చక్రాల బిట్ దించేవాళ్ళం.

ఫోర్జ్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డ్రిల్లింగ్ నిపుణులు ఈ నమ్మకాన్నే తిప్పి అడిగారు. పళ్ళు విరగడానికి కారణం రాతి గట్టిదనమా, బిట్ అదురుడా? వడ్రంగి ఉలిని ఒత్తి పడితే చెక్క కోసుకుంటుంది, జంకుతూ పట్టుకుంటే ఉలి ఎగిరి అంచు విరుగుతుంది. బిట్ కూడా అంతే. బరువు చాలకపోతే పళ్ళు రాతిలో దిగవు. బిట్ గోడలకు కొట్టుకుంటూ సుడి తిరుగుతుంది, ఆ దెబ్బలకే పెచ్చులూడుతుంది. వాళ్ళు బరువు పెంచారు. ఒక ఘనపు అంగుళం రాయిని కోయడానికి ఎంత శక్తి ఖర్చవుతోందో రిగ్గు మీద క్షణక్షణం లెక్క చూస్తూ, అది పెరిగిన ప్రతిసారీ ఎక్కడ వృథా అవుతోందని వెతికారు. పైకి తీసిన ప్రతి బిట్‌నూ అన్ని వైపుల నుంచీ ఫొటో తీశారు. తర్వాతి బిట్‌ను ఆ అరుగుదల చూసి మార్చి తయారు చేయించారు. ఒక బావి నుంచి ఇంకో బావికి వచ్చేసరికి వేగం పెరిగింది, ఒక్కో బిట్ తవ్విన దూరమూ పెరిగింది.

ఆ ఫొటోలు చూస్తుంటే నాకు ఒక పాత బావి గుర్తొచ్చి గొంతు పట్టేసింది. చాలా ఏళ్ళ కిందటి మాట. ఒక లోతు బావి మీద నేను రాత్రి షిఫ్టు ఇంజనీరుని. అడుగున వేడి ఎంత ఉంటుందో మాకిచ్చిన కాగితంలో రాసిన అంచనా తప్పు. బావి దిశ చెప్పే పరికరం లోపల మాడిపోయింది. పైకి తీసి, కొత్తది దించితే అదీ మాడింది. పదకొండు రోజులు పోయాయి. తర్వాత ఒక పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గర పడిన డ్రిల్లర్, టీ తాగుతూ నెమ్మదిగా అన్నాడు: "అబ్బాయ్, నాలుగు కిలోమీటర్ల అవతల వేరే కంపెనీ బావిలో ఇదే జరిగింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ఆ రిపోర్టు వాళ్ళ బీరువాలో ఉంది." ముందే తెలిసి ఉంటే మడ్‌ను పైన చల్లార్చి పంపేవాళ్ళం. పరికరం దించేటప్పుడు ఆగి ఆగి పంపు నడిపి, బావిని చల్లబరుస్తూ దిగేవాళ్ళం. ఫోర్జ్‌లోనూ, దాని చుట్టుపక్కలా సరిగ్గా అదే చేశారు. రాయి 200 డిగ్రీలు దాటినా పారుతున్న మడ్ పరికరాన్ని చల్లగా ఉంచుతుంది. మాకు లేనిది తెలివి కాదు, పక్కవాడి రికార్డు.

పగలగొట్టి, విని, తవ్వడం

2022 ఏప్రిల్‌లో 16ఎ కొన దగ్గర మూడు చోట్ల రాయిని పగలగొట్టారు. చుట్టూ పాతిన పరిశీలన బావుల్లో ప్రకంపనలు వినే పరికరాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. రాయి చిట్లిన ప్రతిసారీ వచ్చే చిన్న చప్పుడు ఎక్కడిదో లెక్కకట్టి చుక్కలు పెట్టుకుంటూ పోతే, పగుళ్ళ ఆకారం ఒక మబ్బులా కనిపించింది. మనిషికి తెలియనంత చిన్న ప్రకంపనలు అవి.

రెండో బావి 16బిని ఆ మబ్బు గుండా పోయేలా గీశారు. 2023లో తవ్వారు. మొదటి బావికి దాదాపు 300 అడుగుల పైన, దానికి సమాంతరంగా. రెండు కిలోమీటర్ల కన్నా లోతులో, కిలోమీటరుకు పైగా పొడవున, రెండు వాలు బావులను వంద మీటర్ల ఎడంలో పక్కపక్కనే పోనివ్వడం ఎంత కష్టమో బావి తవ్వినవాళ్ళకు తెలుస్తుంది. బావి గోడ పొడవునా దించే ఉక్కు గొట్టాన్ని కేసింగ్ అంటారు. దాని వెనక సిమెంటులో సన్నని ఆప్టికల్ ఫైబర్ కూడా దించారు, రాయి ఎక్కడ సాగుతోందో, ఎక్కడ వేడి మారుతోందో వినడానికి.

కేసింగ్ గురించి ఒక మాట. చమురు బావిలో గొట్టం వెనక సిమెంటు అన్నిచోట్లా పైదాకా ఉండాలన్న నియమం లేదు. వేడి బావిలో ఉండి తీరాలి. వెయ్యి మీటర్ల ఉక్కు గొట్టం 200 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండున్నర మీటర్లు సాగాలని చూస్తుంది. సిమెంటు అన్నిచోట్లా గట్టిగా పట్టుకోకపోతే ఆ గొట్టం బావిలోనే వంకర్లు పోతుంది. మధ్యలో ఎక్కడైనా నీరు ఇరుక్కుని ఉండిపోతే ఆ నీరు వేడెక్కి గొట్టాన్ని లోపలికి నొక్కేస్తుంది. చమురు పని నుంచి వచ్చేవాళ్ళు ముందు మార్చుకోవలసిన అలవాటు ఇదేనని నా అభిప్రాయం.

2023 జులైలో 16ఎలోకి ఎక్కించిన నీరు 16బిలో కనిపించింది. తక్కువే, కానీ కలిసింది. 2024 ఏప్రిల్‌లో రెండు బావుల్లోనూ మరిన్ని చోట్ల పగుళ్ళు వేసి, అవి మళ్ళీ మూసుకుపోకుండా ఇసుక కూడా పంపారు. ఆ ఏడాది ఆగస్టులో మొదలుపెట్టి నెల రోజుల పాటు ఆపకుండా నీటిని తిప్పారు. ఎక్కించిన నీటిలో దాదాపు తొంభై శాతం రెండో బావి నుంచి తిరిగి వచ్చింది. బావి తల దగ్గర వేడి 180 డిగ్రీలు దాటింది. ఫెంటన్ హిల్‌లో ఎదురుచూసి ఎదురుచూసి నిరాశపడిన తరం ఈ అంకెల కోసమే బతికింది. నెల రోజుల ఈ రికార్డును నేను ఒక్క రాత్రిలో చదివేశాను.

పక్కింటివాళ్ళు ఏం చేశారు

ఫోర్జ్ కరెంటు అమ్మదు, అది ప్రయోగశాల. అమ్మే పనికి దిగినవాళ్ళలో ముందున్నది ఫెర్వో ఎనర్జీ అనే కంపెనీ. నెవాడాలోని బ్లూ మౌంటెన్ దగ్గర పాత భూతాప కేంద్రం పక్కనే వాళ్ళు రెండు అడ్డ బావులు తవ్వారు. దాదాపు 2,300 మీటర్ల లోతు, అక్కడి నుంచి కిలోమీటరు మేర అడ్డంగా. 2023లో నెలకు పైగా నడిపిన పరీక్షలో సెకనుకు 63 లీటర్ల నీరు తిరిగింది, 3.5 మెగావాట్ల కరెంటుకు సరిపడా. రాయి వేడి 191 డిగ్రీలు. ఆ నవంబరులో కరెంటు గ్రిడ్‌కు ఎక్కింది. గూగుల్ డేటా సెంటర్ల కోసం కుదిరిన ఒప్పందం అది.

ఆ అంకెలను నేను చేత్తో వేసి చూసుకున్నాను. సెకనుకు 63 కిలోల నీరు ఒక వంద డిగ్రీల వేడి ఇచ్చి వెనక్కి వెళ్తే దాదాపు 26 మెగావాట్ల వేడి. అందులో 3.5 మెగావాట్లు కరెంటు అంటే పదమూడు శాతం. ఈ వేడి దగ్గర, నీటికంటే తేలిగ్గా మరిగే రెండో ద్రవాన్ని మరిగించి టర్బైన్ తిప్పే యంత్రాలు ఇచ్చేది అంతే. మిగతాది గాలిలోకో, తిరిగి రాతిలోకో పోతుంది. కాబట్టి భూతాప కేంద్రంలో యంత్రం మార్చి సాధించేది కొంతే. బావి ఒక్కటికి ఎంత నీరు తిరుగుతుంది, ఆ బావికి ఎంత ఖర్చయింది, ఈ రెండింటిలోనే లాభనష్టాలు తేలుతాయి.

ఫెర్వో రెండో స్థలం, కేప్ స్టేషన్, ఫోర్జ్‌కు పక్కనే ఉంది. కంచె అవతల అనుకోండి. ఫోర్జ్ బయట పెట్టిన రాతి వివరాలు, బిట్ పాఠాలు అన్నీ చేతిలో పెట్టుకుని మొదలుపెట్టారు. తొలి నాలుగు అడ్డ బావుల్లోనే ఒక్కో బావి ఖర్చు 94 లక్షల డాలర్ల నుంచి 48 లక్షల డాలర్లకు దిగిందని కంపెనీ ప్రకటించింది. అన్నిటికంటే వేగంగా పూర్తయిన బావికి 21 రోజులు పట్టింది. గ్రానైట్‌లో గంటకు సగటున 70 అడుగులు తవ్వారు. నా తరం డ్రిల్లర్లు ఈ అంకెను రెండుసార్లు చదువుతారు. 2024లో అక్కడ నెల రోజుల పరీక్షలో ఒకే ఉత్పత్తి బావి నుంచి సెకనుకు వంద కిలోలు దాటి నీరు వచ్చింది, 10 మెగావాట్లకు సమానం. 2026లో తొలి 100 మెగావాట్లు, 2028కి 500 మెగావాట్లు అన్నది వాళ్ళు చెప్పుకున్న లక్ష్యం.

అంతర్జాతీయ ఇంధన సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక, ఖర్చులు ఇలాగే తగ్గితే 2050 నాటికి భూతాప విద్యుత్ 800 గిగావాట్లకు చేరవచ్చని లెక్కకట్టింది. ఈ పనికి కావలసిన నైపుణ్యాల్లో, పెట్టుబడుల్లో ఎక్కువ భాగం చమురు, గ్యాస్ పరిశ్రమలో ఇప్పటికే ఉందని కూడా చెప్పింది. ఆ రెండో మాట నాకు మొదటిదానికంటే ముఖ్యం. రాజమండ్రిలో, నరసాపురంలో ఇళ్ళు కట్టుకుని, రెండు వారాలు రిగ్గు మీద, రెండు వారాలు ఇంట్లో గడిపే మనుషులు వేలమంది ఉన్నారు. మడ్ కలిపేవాళ్ళు, సిమెంటు లెక్క వేసేవాళ్ళు, లాగ్ చదివేవాళ్ళు. వాళ్ళ పిల్లలకు ఇదే విద్యతో ఇంకో యాభై ఏళ్ళ పని కనిపిస్తోంది.

నాకున్న సందేహాలు

నెల రోజులు ముప్పై ఏళ్ళు కావు. పగుళ్ళలో నీరు ఎప్పుడూ తేలిక దారి వెతుక్కుంటుంది. పది పగుళ్ళలో ఒకటి కాస్త వెడల్పుగా ఉంటే నీరంతా అటే పోతుంది. ఆ గోడలు చల్లబడి రాయి కుంచించుకుపోతుంది, దారి ఇంకా వెడల్పవుతుంది, ఇంకా నీరు అటే పోతుంది. కొన్నేళ్ళకు బావి నుంచి గోరువెచ్చని నీరు వస్తుంది, పక్కన రాయి మాత్రం భగభగలాడుతూనే ఉంటుంది. ఇది జరిగిందో లేదో తెలియాలంటే ఏళ్ళ తరబడి నడిపి చూడటమే మార్గం. 2024లో ఫోర్జ్‌కు మరో 8 కోట్ల డాలర్లు ఇచ్చి 2028 దాకా పొడిగించడం అందుకే నాకు సంతోషమనిపించింది.

రాయి మొత్తం చల్లబడిపోతుందేమో అన్న భయం మాత్రం వద్దు. ఒక ఘన కిలోమీటరు గ్రానైట్ ఒక్క డిగ్రీ చల్లబడితే వెలువడే వేడి దాదాపు 60 కోట్ల యూనిట్లు. అందులో పదో వంతు కరెంటు చేసినా ఏడు మెగావాట్ల కేంద్రం ఏడాది పొడవునా నడుస్తుంది. ఇబ్బంది ఆ ఘన కిలోమీటరు అంతటినీ నీరు తాకేలా చేయడంలో ఉంది.

నీటి లెక్క కూడా చూడాలి. తొంభై శాతం తిరిగి వచ్చిందంటే పది శాతం పోయింది. యూటా ఎడారిలోనైనా, మన మెట్ట ప్రాంతాల్లోనైనా ఆ పది శాతం ఎవరి నీరు అన్న ప్రశ్నకు బావి తవ్వకముందే జవాబు ఉండాలి. భూకంపాల విషయంలో బాసెల్, పోహాంగ్ తర్వాత ట్రాఫిక్ దీపాల పద్ధతి పెట్టుకుంటున్నారు. ప్రకంపన ఒక హద్దు దాటితే పంపింగ్ తగ్గించాలి, ఇంకో హద్దు దాటితే ఆపేయాలి. ఆ దీపాలు కంపెనీ గదిలో కాక ఊరి జనానికి కనిపించే చోట వెలగాలని నేను గట్టిగా కోరతాను.

మన నేల సంగతి

హైదరాబాద్ చుట్టూ ఇంత గ్రానైట్ ఉంది కదా, ఇక్కడే తవ్వవచ్చు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. వద్దని చెబుతాను. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దశాబ్దాలుగా దేశంలో భూగర్భ వేడిని కొలుస్తోంది. దక్కన్ పాత రాళ్ళు చల్లని రాళ్ళు. కిలోమీటరు దిగితే పదిహేను డిగ్రీలకు అటూ ఇటూగా పెరుగుతుంది. ఆ లెక్కన 190 డిగ్రీల కోసం పది కిలోమీటర్లకు పైగా తవ్వాలి. యూటాలో అది రెండు, రెండున్నర కిలోమీటర్లలో దొరికింది. గ్రానైట్ అనే పేరు ఒకటే, కింద పొయ్యి వేరు.

లద్దాఖ్‌లోని పుగా లోయ వేరు. సముద్రమట్టానికి 4,400 మీటర్ల ఎత్తున నేల నుంచి ఆవిరి తన్నుకొస్తుంది. భారత భూగర్భ సర్వే సంస్థ గత శతాబ్దంలోనే అక్కడ 34 బోర్లు వేసింది, అన్నిటికంటే లోతైనది 385 మీటర్లు. హైదరాబాద్ సంస్థవాళ్ళు చేసిన సర్వేలు ఇంకా లోతున వేడి నీటి జాడ చూపించాయి. 2021 ఫిబ్రవరిలో లద్దాఖ్ పాలనా యంత్రాంగం, అక్కడి కొండ మండలి, ఓఎన్‌జీసీ ఇంధన కేంద్రం కలిసి ఒక మెగావాటు ప్రయోగానికి ఒప్పందం చేసుకున్నాయి. అక్కడ వేడీ ఉంది, నీరూ ఉంది, దారీ ఉంది. తీసిన నీటిని తిరిగి లోపలికి పంపే బావి కూడా మొదటి రోజు నుంచే పథకంలో ఉండాలన్నది నా సలహా. ఆ లోయలో పశువులు మేపుకునే చాంగ్‌పా జనానికి పక్కన పారే వాగే ఆధారం.

మణుగూరు ఇంకో కొస. బొగ్గు కోసం వేసిన బోర్లలో వేడినీరు పడ్డ ప్రాంతం అది. భద్రాచలం దగ్గర గుండాలలో వేడినీటి గుండం ఎప్పటి నుంచో ఉంది. సింగరేణి అక్కడ పగిడేరులో 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టింది. చాలామంది ఆ అంకెను చూసి పెదవి విరుస్తారు. నేను విరవను. నీరు 70 డిగ్రీలు ఉందనుకుంటే, బయట గాలి 30 డిగ్రీలు ఉన్న చోట సూత్రం ప్రకారం వచ్చే గరిష్ఠ సామర్థ్యమే పన్నెండు శాతం లోపు, యంత్రంలో నిజంగా చేతికి వచ్చేది నాలుగైదు శాతం. 20 కిలోవాట్ల కోసం అర మెగావాటు వేడి తీయాలి, అంటే సెకనుకు ఎనిమిది లీటర్ల దాకా నీరు. మే నెలలో గాలి 45 డిగ్రీలకు చేరితే అదీ తగ్గిపోతుంది. ఆ వేడినీటితో మిర్చి ఆరబెట్టడం, ధాన్యం ఆరబెట్టడం ఇంతకంటే లాభసాటి కావచ్చు. అయినా ఆ చిన్న యంత్రం రోజూ ఎంత నీరు తాగింది, ఎంత కరెంటు ఇచ్చింది, ఏ నెలలో ఎంత పడిపోయింది అన్న రికార్డు మాత్రం మనకు బంగారం. అది నెలనెలా బయటకు రావాలి.

దేశం మొత్తానికి కేంద్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో భూతాప ఇంధన విధానం ప్రకటించింది. వాడకుండా వదిలేసిన చమురు, గ్యాస్ బావులను ఈ పనికి మళ్ళించే మాట కూడా అందులో ఉంది. మా ప్రాంతంవాళ్ళు చేయగల పని సరిగ్గా అక్కడ మొదలవుతుంది.

ప్రతి బావిలో లాగ్ తీసినప్పుడు ఆ పొడవాటి కాగితం తలభాగంలో ఒక పట్టిక ఉంటుంది. బావి పేరు, తేదీ, మడ్ బరువు, బిట్ సైజు. వాటి మధ్య ఒక చిన్న గడి, నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత. పరికరంతో పాటు దించిన థర్మామీటర్ చూసి ఇంజనీరు ఆ అంకె రాస్తాడు. పక్కనే మడ్ తిప్పడం ఎప్పుడు ఆపారో, పరికరం అడుగుకు ఎప్పుడు చేరిందో ఆ గంటలూ ఉంటాయి. మడ్ బావిని చల్లార్చి ఉంటుంది కాబట్టి ఆ అంకె అసలు వేడికంటే తక్కువ. కానీ ఒకే బావిలో రెండు మూడు సార్లు లాగ్ తీసి ఉంటే, ఆ గంటల తేడా పట్టుకుని అసలు వేడిని రాబట్టవచ్చు. అరగంట లెక్క. గోదావరి డెల్టాలో నాలుగు దశాబ్దాలకు పైగా తవ్విన బావుల మీద ఆ గడి నిండే ఉంది.

నేను పనిచేసిన బావుల్లో ఆ గడి నింపినప్పుడల్లా నా నోటు పుస్తకంలో కూడా అంకె రాసుకునేవాణ్ణి, ఎందుకో అప్పుడు తెలియదు. అవి కంపెనీల లెక్కలు, నా సొంతం కావు, బయట పెట్టలేను. వాటి అసలు ప్రతులు ఉన్నవాళ్ళు లోతు, ఉష్ణోగ్రత, మడ్ ఆపిన సమయం, పరికరం అడుగుకు చేరిన సమయం, ఈ నాలుగు గళ్ళు మాత్రం ఒక పట్టికగా చేసి అందరి ముందూ పెడితే చాలు. చమురు రహస్యం ఏదీ అందులో లేదు. మూసేసిన బావుల్లో దేనికి మళ్ళీ తలుపు తీయాలో, దేన్ని అలాగే వదిలేయాలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు కూడా ఆ పట్టిక చూసి చెప్పగలుగుతారు.